ఎనిమిది వాట్ల కేక

శవం కుర్చీలో లేదు. తలుపు దగ్గరుంది.

ఇన్‌స్పెక్టర్ ముందుగా గమనించింది అదే. పాటలు వింటూ గుండె ఆగిన మనిషి ఎక్కడుండాలి? గది మధ్యలో వేసుకున్న మెత్తటి కుర్చీలో. ఈయన మాత్రం తలుపుకి భుజం ఆనించి, మోకాళ్ళు ముడుచుకుని నేలమీద ఉన్నాడు. చొక్కా పై గుండీలు రెండూ తెగిపోయాయి.

మంగళవారం, సాయంత్రం అయిదూ నలభై.

"హార్ట్ ఎటాక్ మేడమ్," అన్నాడు కానిస్టేబుల్. రిటైర్మెంటుకి దగ్గరపడ్డ మనిషి. స్టేషనంతా ఆయన్ని బాబాయ్ అనే పిలుస్తుంది. "అల్లుడుగారు చెప్పాడు."

"అల్లుడుగారు డాక్టరా?"

"కాదు మేడమ్. ఇన్సూరెన్స్ కంపెనీలో మేనేజరు."

"మరింకేం. పోస్ట్‌మార్టం కూడా ఆయన్నే చేసెయ్యమందామా?"

బాబాయ్ టోపీ సర్దుకున్నాడు. ఆవిడ గొంతు అసలే లావు. చిన్నప్పుడు ఇంట్లో మగరాయుడి గొంతని ఏడిపించేవాళ్ళు. ఇప్పుడు ఆ గొంతు వింటే లాకప్పులో ఉన్నవాళ్ళు కూడా సర్దుకుని కూర్చుంటారు.

పోయినాయన చెవుల డాక్టరు. ఊళ్ళో సగంమంది చెవుల్లోకి తొంగి చూసిన మనిషి. భార్య పోయాక ఆయనకి మిగిలిన సరదా పాటలొక్కటే. అందుకోసం ఇంటి వెనక మందులు దాచే స్టోర్ రూమ్‌ని మార్పించుకున్నాడు. కిటికీ లేదు. నాలుగు గోడలకీ నల్లటి స్పాంజి. రెండు పొరల తలుపు, అంచుల చుట్టూ రబ్బరు. లోపల మనిషి ఎంత గొంతు చించుకున్నా బయటికి రాదు. సెల్‌ఫోన్‌కి సిగ్నలూ ఉండదు. ఫోన్ హాల్లో వదిలేసి వెళ్ళడం ఆయనకి అలవాటు.

గదిలో ఎదుటి గోడకి నిలువెత్తు స్పీకర్లు రెండు. వాటి నడుమ బల్ల. బల్లమీద రికార్డ్ ప్లేయర్ ఇంకా తిరుగుతోంది. ముల్లు ఆఖరి గీతలో పడి అక్కడే గీరుకుంటోంది. పక్కన చిన్న ఆంప్లిఫయర్, పైన నాలుగు గాజు వాల్వులు. చెయ్యి పెడితే చురుక్కుమంది. వాల్యూమ్ నాబ్ కుడివైపు చివరికంటా తిప్పి ఉంది.

కాలిన వాసన. ఇన్‌స్పెక్టర్ ముక్కు పెట్టి వెతికింది. స్పీకర్ల పైభాగంలో సన్నటి శబ్దాలకోసం ఉండే చిన్న ట్వీటర్లు. రెండూ మాడిపోయాయి.

ఆవిడ తలుపు వైపు తిరిగింది. లోపలి స్పాంజిమీద గోళ్ళ గీతలు.

"బాబాయ్, ఈ తలుపుకి బయట గడియెందుకు?"

"మందుల స్టోర్ కదా మేడమ్. అప్పటిది. తియ్యలేదు."

"గాలి లోపలికి తోసే ఫ్యానుందే, దాని స్విచ్చి?"

"అదీ బయటే."

"వేసుందా?"

బాబాయ్ వెళ్ళి చూసొచ్చాడు. "ఆపేసుంది మేడమ్. ఇంకోటి. ఆయనకి ఉబ్బసం. పీల్చే మందు భోజనాల బల్లమీదుంది."

*

వంటింటి గుమ్మంలో కూతురు నిలబడి ఉంది. ముప్పై అయిదేళ్ళుంటాయి. రెండు చెవుల్లోనూ వినికిడి మిషన్లు. ఏడుపు కూడా సరిగ్గా మొదలవ్వని ముఖం.

పక్కన భర్త. ఆమె చెవి దగ్గర నోరు పెట్టి అరిచాడు.

"పోలీసులు! పో-లీ-సు-లు! నిన్ను అడుగుతారట!"

ఆమె ఉలిక్కిపడింది. బాబాయ్ కూడా.

"మీరు అరవక్కర్లేదు," అంది ఇన్‌స్పెక్టర్. మామూలుగానే అంది. తర్వాత ఆమె వైపు చూడకుండా, గోడమీద గడియారం చూస్తూ అడిగింది. "ఇవాళ మధ్యాహ్నం ఎక్కడున్నావమ్మా?"

"ఇక్కడే అండి. వంటింట్లో."

భర్త కళ్ళార్పాడు. ఇన్‌స్పెక్టర్ ఆ సంగతి మనసులో పెట్టుకుంది.

"నాన్నగారు లోపలికి ఎప్పుడెళ్ళారు?"

"భోంచేసి రెండింటికి."

"పిలవలేదా?"

"నన్ను పిలవాలంటే నాన్న డోలు రికార్డు పెడతాడండి. గట్టిగా. ఈ గచ్చు ఒణుకుతుంది. అల్మరాలో గ్లాసులు గలగలమంటాయి. నేను టీ పట్టుకెళ్తాను." ఆగింది. "ప్లేయర్ మీద ఏ రికార్డుందండీ?"

ఇన్‌స్పెక్టర్‌కి జవాబు చెప్పబుద్ధి కాలేదు. కానీ దాస్తే మాత్రం ఎన్నాళ్ళు దాగుతుంది?

"డోలుదేనమ్మా."

ఆమె అలాగే గచ్చుమీద కూలబడింది. "అయితే పిలిచాడు. నాన్న పిలిచాడు. నాకే వినపడలేదు."

"దాని తప్పేం లేదు మేడమ్," అన్నాడు భర్త. గొంతులో జాలి కారిపోతోంది. "ఈమధ్య మరీ తగ్గిపోయింది. పక్కన బాంబు పడినా తెలీదు. నేనుంటే చూసుకునేవాణ్ణి. రెండుంబావుకి ఆఫీసుకెళ్ళి అయిదింటికి వచ్చా. తలుపు తీసి చూస్తే..."

"తలుపు బయట గడియ వేసుందా?"

"లేదండి. నెట్టగానే వచ్చేసింది."

అందరూ ఆ అమ్మాయి వైపు చూశారు. ఆ చూపు ఎలాంటిదో చెప్పక్కర్లేదు. తండ్రి గది లోపల ఊపిరాడక గింజుకుంటుంటే, ముప్పై అడుగుల అవతల బియ్యం ఏరుకుంటూ కూర్చున్న కూతురు. ఈ మాట ఎవరూ పైకి అనరు. బతికినన్నాళ్ళూ ఆమె తనే అనుకుంటుంది.

ఇన్‌స్పెక్టర్‌కి ఒళ్ళు మండింది. ఎవరి మీదో ఇంకా తెలీదు.

*

బుధవారం పదింటికల్లా రిపోర్టు వచ్చింది. ఊపిరాడక మరణం. మూడుకీ నాలుగుకీ మధ్య. అరచేతులు కమిలిపోయాయి. గోళ్ళలో నల్లటి స్పాంజి.

అంటే తలుపు మూసుంది. బయటినుంచి. తర్వాత ఎవరో వచ్చి గడియ తీసి పెట్టారు. గాలికి గడియ దానంతటది పడి, దానంతటది లేవదు కదా.

ఇన్‌స్పెక్టర్ నేరుగా ఆడియో షాపుకి వెళ్ళింది. డాక్టరుగారికి ఆ స్పీకర్లు అమ్మినాయన అక్కడ ఉంటాడు. బజార్లో ఆయన్ని అందరూ ఓమ్‌గారంటారు. రోజుకి వందసార్లు ఆ మాట ఆయన నోట్లోంచి వస్తుంది. భక్తి అనుకునేరు. స్పీకర్ల కొలత అది.

"ఆ స్పీకర్లు తిండిపోతులమ్మా," అన్నాడు ఓమ్‌గారు. "వెనక నాలుగు ఓమ్‌లని రాసుంటుంది. లావు శబ్దాల దగ్గర మూడుకి దిగిపోతాయి. ఆ అంకె ఎంత తగ్గితే అంత ఆకలి. ఎంత కరెంటు పోసినా తాగేస్తాయి. వాటికి రెండొందల వాట్ల ఆంప్ కావాలి. అదే ఇచ్చాను."

"గదిలో ఉన్నది?"

"ఆ బుడ్డదా? ఎనిమిది వాట్లు. మెల్లగా వింటే తేనె. గట్టిగా పెట్టామా, అయిపోయాం. డోలు కొడితే చిటికేసినట్టు వినిపిస్తుంది. ఈ రెంటికీ జోడీ కుదరదు."

"ట్వీటర్లు కాలిపోయాయి. కాలిస్తే పెద్ద ఆంప్ కదా కాల్చాలి?"

"అందరూ అదే అనుకుంటారు!" ఓమ్‌గారు కుర్చీ ముందుకి లాక్కున్నాడు. "పెద్దది హాయిగా తోస్తుంది, ఏం కాదు. చిన్నదాన్ని శక్తికి మించి అరిపించామనుకోండి, దాని గొంతు పగిలిపోతుంది. ఆ పగిలిన చప్పుడంతా వెళ్ళి ట్వీటర్ల నెత్తిన పడుతుంది. అవే మాడతాయి. డాక్టరుగారికి ఇది నాకన్నా బాగా తెలుసు. పావు దాటి నాబ్ తిప్పే మనిషి కాదు."

"నిన్న చివరికంటా తిప్పారు."

ఓమ్‌గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"పెద్ద ఆంప్ ఏమైంది?"

"ఆదివారం ఉన్నట్టుండి నోరు మూసుకుందట. ఎర్ర లైటు వెలిగి ఊరుకుంది. అల్లుడుగారు కార్లో వేసుకొచ్చి ఇచ్చారు. విచిత్రం ఏంటంటే, ఇక్కడ పెడితే బ్రహ్మాండంగా పాడుతోంది. విప్పి అణువణువూ చూశా. దానికి ఏ రోగమూ లేదు."

"దాని బదులు ఈ బుడ్డది ఇచ్చింది మీరేనా?"

"నేను ఇస్తానా! నా దగ్గర ఇంకో పెద్దది స్పేర్ ఉంది, తీసుకెళ్ళండన్నా. అల్లుడుగారే, మావయ్యకి ఈ చిన్నది చాలన్నారు."

"నిన్న రెండున్నరకి మీరు ఆ ఇంటికి వెళ్ళారు."

ఓమ్‌గారి చెయ్యి ఆగిపోయింది. "వెళ్ళా. డాక్టరుగారు ఒక కేబుల్ అడిగారు. బెల్లు కొట్టా, ఎవరూ రాలేదు. తలుపు తీసే ఉంది. హాల్లో పెట్టి వచ్చేశా."

"నాలుగున్నరకి మళ్ళీ వెళ్ళారు. పక్కింటావిడ చూసింది."

"ఫోన్ ఎత్తకపోతేనూ... హాల్లోకి తొంగి చూసి వచ్చేశానమ్మా. ఒట్టు!"

ఇన్‌స్పెక్టర్ అక్కణ్ణుంచి అల్లుడి దగ్గరికి వెళ్ళింది. ఆయన మాట ఇంకోలా ఉంది.

"షాపాయన ఏదిస్తే అది తెచ్చా మేడమ్. నాకు ఆ ముక్కలేం తెలుసు? ఏ తీగ ఎందులో దూరుతుందో కూడా తెలీదు. మా ఇంట్లో టీవీ రిమోటే మా ఆవిడ నొక్కాలి."

ఇద్దరిలో ఒకరు అబద్ధం చెబుతున్నారు. గడియ పెట్టడానికీ తియ్యడానికీ ఇద్దరికీ వీలుంది. ఒకరు చదువుకున్నవాడు, ఒకరు పనితెలిసినవాడు. ఇద్దరూ కళ్ళలోకి చూసే మాట్లాడుతున్నారు.

ఆ మధ్యాహ్నం ఇన్‌స్పెక్టర్ పాటల గదిలో ఒక్కతే కూర్చుంది. ఆంప్‌కి రోగం లేదు. కానీ ఈ గదిలో నోరు మూసుకుంది. అయితే రోగం ఎక్కడుండాలి?

మోకాళ్ళమీద కూర్చుని టార్చి వేసింది. ఎడమ స్పీకరు వెనక, తివాచీ అంచు కింద దొరికింది. వెంట్రుక కన్నా కాస్త లావైన రాగి తీగ ముక్క. అరంగుళం ఉంటుంది. రెండు కొసలూ కొక్కేల్లా వంచి ఉన్నాయి. దాన్ని కవర్లో వేసుకుని ల్యాబ్‌కి ఫోన్ చేసింది. అవతలివాళ్ళు చెప్పింది విని "ఓహో" అంది.

బయటికి వస్తుంటే కూతురు ఎదురైంది. భర్త ఇంట్లో లేడు.

"నాన్నగారు ఈమధ్య నీ చెవులు చూశారామ్మా?"

"సోమవారం చూశాడండి. పదేళ్ళ కిందట ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయన్నాడు. లావు శబ్దాలు నీకు మిషను లేకుండానే తెలుస్తాయి, సన్నవాటికే ఇది కావాలన్నాడు. తర్వాత మిషన్లు తీసి చూసి, నేననుకున్నదే అని ఆగిపోయాడు."

"వీటి సౌండు ఎవరు సర్దుతారు?"

"ఆయనే. ఫోన్లో ఉంటుందిట. రోజూ పొద్దున్నే సరిచేసి ఇస్తారు." కొంచెంసేపు ఆగింది. "ఆయన లేకపోతే నాకు గడవదండి. స్కూల్లో పాఠం చెప్పేదాన్ని, మానేశా. పిల్లలు అడిగేది వినపడక నవ్వులపాలవుతావన్నారు. ఫోన్లు ఆయనే మాట్లాడతారు. ఎవరైనా వస్తే ఆయనే..."

చెబుతూ చెబుతూ ఆమె ఆగిపోయింది. ఇన్‌స్పెక్టర్ అదే సాయంత్రం బాబాయ్‌ని తోడిచ్చి ఊళ్ళో ఇంకో చెవుల డాక్టరు దగ్గరికి పంపింది.

*

గురువారం, మధ్యాహ్నం మూడు.

పాటల గదిలో ముగ్గురు. ఇన్‌స్పెక్టర్, అల్లుడు, ఓమ్‌గారు. స్పీకర్లకి కొత్త ట్వీటర్లు వేయించారు. బల్లమీద బుడ్డ ఆంప్. దాని పక్కన, ఓమ్‌గారు ఆయాసపడుతూ మోసుకొచ్చిన పెద్దది.

"ఏది దేనికి తగిలించి ఉందో ఒకసారి చూపించండి, చాలు," అంది ఇన్‌స్పెక్టర్. "అయిదు నిమిషాల పని."

వెనక తలుపు మెత్తగా మూసుకుంది. రబ్బరు అంచు అతుక్కున్న చప్పుడు. తర్వాత ఇంకో చిన్న చప్పుడు. టక్.

ముగ్గురూ తిరిగి చూశారు.

ఇన్‌స్పెక్టర్ వెళ్ళి తోసింది. రాలేదు. భుజం పెట్టి తోసింది. ఊహూఁ.

"గడియ పడింది," అంది.

"పడటమేంటి?" అన్నాడు అల్లుడు.

"పాత గడియ. పట్టు వదిలినట్టుంది. ఏమండీ, గాలి ఫ్యాను కూడా ఆగిపోయిందా?"

ఆగిపోయింది. అంతవరకూ అది తిరుగుతున్నట్టే ఎవరికీ తెలీదు. ఆగాకే తెలిసింది. గదిలో ఎవరి ఊపిరి వాళ్ళకే వినపడసాగింది.

"మీ కానిస్టేబుల్?"

"కాయితాలకోసం స్టేషన్‌కి పంపా. రెండు గంటలు పడుతుంది." ఇన్‌స్పెక్టర్ సెల్ తీసి చూసి జేబులో పెట్టుకుంది. "ఇంట్లో మీ ఆవిడొక్కతే ఉంది. ఆవిడే తియ్యాలి."

అల్లుడు టై వదులు చేసుకున్నాడు. పక్కన బాంబు పడినా తెలీదని చెప్పింది ఆయనే.

"నాకు బీపీ ఉందమ్మా," అన్నాడు ఓమ్‌గారు నీరసంగా.

మొదట అరిచారు. ముగ్గురూ కలిసి. ఆ నల్లటి స్పాంజి అరుపుల్ని నోటి దగ్గరే మింగేసింది. ఓమ్‌గారు తలుపు బాదాడు. పరుపుని బాదినట్టుంది. అల్లుడు టై ఊడదీసి విసిరేశాడు.

"డోలు రికార్డు పెడదాం," అంది ఇన్‌స్పెక్టర్. "డాక్టరుగారు చేసిందే చేద్దాం."

బుడ్డ ఆంప్ పెట్టారు. నాబ్ తిప్పారు. డోలు రాలేదు. రేకు డబ్బామీద పుల్లతో కొట్టినట్టు గరగరమంది. ఇంకా తిప్పారు. చెవులు కోసేసే బరబర.

"అమ్మా, కొత్త ట్వీటర్లు! మళ్ళీ కాలిపోతాయి!"

"మనం పోయాక అవి బతికి ఎవర్ని ఉద్ధరించాలి, ఓమ్‌గారూ?"

ఎదురుచూశారు. ఎవరూ రాలేదు. కాలిన వాసన వచ్చింది. మంగళవారం నాటి వాసనే. ఇన్‌స్పెక్టర్‌కి కూడా వెన్నులో చెమట దిగింది. నాటకమని తెలిసి కూడా ఆ గది ఆమెని వదల్లేదు. తెలియక చిక్కుకున్న ముసలాయన ఎలా ఉండి ఉంటాడు?

"పెద్దది పెట్టండి," అంది.

ఓమ్‌గారు తీగలు మార్చాడు. స్విచ్చి నొక్కాడు. పచ్చ లైటు వెలిగింది. క్షణం తర్వాత ఎర్రబడింది. నిశ్శబ్దం.

"ఇదేంటి? పొద్దున షాపులో పాడింది!" ఆయన ఆంప్ వెనక్కి దూరాడు. ఫ్యూజు తీసి చూశాడు. పెట్టాడు. ఆపి మళ్ళీ వేశాడు. ఎరుపు. పైమూత విప్పడానికి స్క్రూడ్రైవర్ కోసం జేబులు తడుముకున్నాడు. కళ్ళజోడు కింద పడిపోయింది. "నాకేం అంతుపట్టట్లేదు తల్లీ..."

"తొందరగా చూడండి!" అల్లుడు అరిచాడు.

"చూస్తున్నా కదయ్యా!"

"గాలి లేదు. గాలాడట్లేదు నాకు."

"డాక్టరుగారు గంటకి పైన ఉన్నారు ఇందులో," అంది ఇన్‌స్పెక్టర్ నెమ్మదిగా. "ఆయనకి ఉబ్బసం కూడా."

అల్లుడు తలుపు వైపు చూశాడు. ఎర్ర లైటు వైపు చూశాడు. ముఖం తడిసి ముద్దయింది. గొంతు దగ్గర చొక్కా లాక్కున్నాడు. గుండీ తెగి కింద పడింది. ఓమ్‌గారు ఇంకా ఆంప్‌తోనే కుస్తీ పడుతున్నాడు.

"దాంట్లో ఏం లేదు, లే అవతలికి!"

అల్లుడు ఆయన్ని పక్కకి నెట్టేశాడు. ఆంప్ మొహమైనా చూడలేదు. నేరుగా ఎడమ స్పీకరు వెనక్కి దూరి, మోకాళ్ళమీద పడి, రెండు తీగలు బిగించే చోట గోటితో గీకి ఏదో పీకేశాడు.

"ఆపి మళ్ళీ వెయ్యండి! అప్పుడుగానీ పాడదు!"

ఇన్‌స్పెక్టరే నొక్కింది. పచ్చ లైటు. అలాగే నిలిచింది.

డోలు మొదలైంది.

అది చెవులకి ముందు కాళ్ళకి తెలిసింది. నేల అదిరింది. బల్ల అదిరింది. కడుపులో కొట్టినట్టు ఒక్కో దెబ్బ. ఓమ్‌గారు రెండు చేతులూ గుండెమీద పెట్టుకున్నాడు.

నాలుగో దెబ్బకో అయిదో దెబ్బకో బయట పరుగు. గడియ లాగిన చప్పుడు. తలుపు తెరుచుకుంది. గుమ్మంలో కూతురు, చేతినిండా సబ్బు నురగ. వెనకాల బాబాయ్.

స్టేషన్‌కి వెళ్ళాల్సిన బాబాయ్‌ని చూడగానే అల్లుడి చేతులు జారిపోయాయి. ఇన్‌స్పెక్టర్ ప్లేయర్ ఆపింది. ఆయన పిడికిలి విప్పింది. లోపల రాగి తీగ ముక్క.

"ఏ తీగ ఎందులో దూరుతుందో తెలీదన్నారు?"

అల్లుడు చెయ్యి వెనక్కి లాక్కోబోయాడు.

"ఓమ్‌గారికి ముప్పై ఏళ్ళ అనుభవం. ఆయనకి తోచలేదు. ఆంప్ ఎర్రబడితే ఎవరైనా ఆంప్‌నే చూస్తారు. స్పీకరు దగ్గర రెండు కొనల్నీ ఇంత తీగతో కలిపేస్తే, ఆంప్ తనని కాపాడుకోవడానికి నోరు మూసుకుంటుందని ల్యాబ్‌వాళ్ళు చెప్పారు. అది అక్కడుందని పెట్టినవాడికే తెలియాలి. ఆదివారం మీరు పెట్టారు. ఆంప్ రిపేరుకి వెళ్ళగానే పీకి పారేశారు. ఇవాళ ఆంప్‌లు మారుస్తుండగా మళ్ళీ అదే చోట నేను పెట్టాను. ఇద్దర్లో ఎవరు అక్కడికి వెళ్తారో చూద్దామని."

"నన్ను కూడా అనుమానించావా తల్లీ?" అన్నాడు ఓమ్‌గారు.

"మిమ్మల్నే ఎక్కువ అనుమానించా. ఏమనుకోకండి."

ఓమ్‌గారు ఏమీ అనుకునే స్థితిలో లేడు. నేలమీద కూర్చుని ఊపిరి పీల్చుకుంటున్నాడు.

"పెద్ద ఆంప్ ఉంటే డోలు కొట్టగానే ఈవిడ వచ్చేస్తుంది," ఇన్‌స్పెక్టర్ అల్లుడి వైపు తిరిగింది. "అందుకని దాన్ని ఇంట్లోంచి పంపించారు. ఆ స్పీకర్లని కదపలేని బుడ్డదాన్ని ఏరి తెచ్చారు. మంగళవారం గడియ పెట్టి, ఫ్యాను ఆపి, ఆఫీసుకెళ్ళారు. అయిదింటికి వచ్చి గడియ తీశారు. మావయ్యగారు మీకేం చేశారండీ అంత?"

అల్లుడు తెగిన గుండీ వైపు చూస్తూ అన్నాడు. "బుధవారం పొద్దున దానికి చెప్పేస్తానన్నాడు."

"ఏమని?"

"మిషన్ల సౌండు తగ్గించింది నేనేనని. ఆదివారమే నా ఫోన్లో చూశాడు. నిజంగా చెవులు తగ్గాయో లేదో పరీక్ష చేసి, మూడ్రోజుల్లో అంతా చెప్పేస్తానన్నాడు."

గుమ్మంలో ఆమె కదల్లేదు. బుధవారం ఇంకో డాక్టరు మిషన్లని భర్త ఫోనుకి అందకుండా సరిచేశాడు, ప్రతి మాటా వినపడింది. సబ్బు నురగ చేతులమీంచి కారి నేలమీద పడుతోంది. భర్త మాటకి ఏడవలేదు. కళ్ళు ఇన్‌స్పెక్టర్ మీదే ఉన్నాయి. ఆమెకి కావలసిన ప్రశ్న వేరే ఉంది.

"ఇందాక... ఇది కాక, ముందు కూడా ఏదైనా పెట్టారా?"

"పెట్టామమ్మా. బుడ్డదాంతో. చివరికంటా తిప్పి."

"నాకు తెలీలేదు."

"నాకూ తెలీలేదమ్మా," అన్నాడు బాబాయ్. "నీ పక్కనే ఉన్నాగా. గోడకి చెవి ఆనించి మరీ నిలబడ్డా. గడియ పెట్టిందీ నేనే, లోపల మేడమ్ పెడుతున్నారని తెలిసి విన్నదీ నేనే. నా చెవులకి ఏ రోగమూ లేదు. ఏమీ రాలేదు తల్లీ. చీమ చిటుక్కుమన్నట్టు కూడా లేదు."

ఆమె ఇన్‌స్పెక్టర్ వైపు చూసింది.

"ఆ రోజు ఈ ఇంట్లో ఎవరున్నా ఇంతే," అంది ఇన్‌స్పెక్టర్. "నేనున్నా ఇంతే. ఆయన పిలిచారు. ఆ పిలుపు గది దాటలేదు. దాటి ఉంటే నువ్వొచ్చేదానివి. ఇప్పుడు వచ్చినట్టే."

అప్పుడు వచ్చింది ఏడుపు. మంగళవారం నుంచి లోపల బిగుసుకున్నదంతా. తలుపు చట్రం పట్టుకుని, ఒళ్ళంతా కదిలేలా ఏడ్చింది. ఎవరూ ఆపలేదు. ఓమ్‌గారు మొహం అటు తిప్పుకున్నాడు.

బాబాయ్ అల్లుడి చేతికి బేడీ తగిలించాడు. గుమ్మం దాటుతూ అల్లుడు ఆమె ముందు ఆగాడు. అలవాటు చొప్పున ఆమె చెవి దగ్గరికి వంగాడు. గొంతంతా తెచ్చుకుని అరిచాడు.

"నా మాట విను! నువ్వు ఒక్కదానివీ బతకలేవు! విన-ప-డు-తోం-దా?"

ఆమె ఉలిక్కిపడలేదు. కొంగుతో ముఖం తుడుచుకుంది. ఒక అడుగు వెనక్కి వేసింది.

"మెల్లగా మాట్లాడండి," అంది. "నాకు బాగా వినపడుతోంది."